సబ్బుకు లొంగని పసుపు

2005 శీతాకాలంలో మా చెల్లెలు మొహం మెరవాలని క్యారెట్టు రసం పట్టుకుంది. అప్పట్లో మేమిద్దరం దుబాయ్‌లో, సత్వాలోని ఒక గదిలో ఉండేవాళ్లం. నేను ఒక ఇంట్లో వంట చేసేదాన్ని. అది అరబ్బుల ఇంట్లో చంటిపిల్లను చూసుకునేది. క్యారెట్లు రోజుకు కిలో. తూచి ఇచ్చేది నేనే. ఉజ్జాయింపు లెక్కలు నాకు గిట్టవు.

రెండో నెలకు నిజంగానే దాని బుగ్గలు బంగారు ఛాయకు తిరిగాయి!

"ఏం రాత్తన్నావే మొహానికి? మాకూ చెప్పవే!" అని పక్కగది ఆడవాళ్లు వెంటపడ్డారు. అది అద్దం వదిలితే ఒట్టు. ఆ సంబరం చూసి నేనూ ఒక గ్లాసు తాగాను.

ఒక శుక్రవారం దాని అరచేతులు పచ్చగా ఉండటం ఆ అరబ్బుల ఇంటి మేడమ్ చూసింది. మావాళ్లు పసుపు రాసుకుంటారని ఆమెకు తెలుసు. కడుక్కు రమ్మంది. చెల్లెలు సబ్బుతో రుద్దింది, నిమ్మచెక్కతో రుద్దింది, శనగపిండితో రుద్దింది. పోలేదు. మేడమ్ చటుక్కున పిల్లను లాక్కుంది.

"ఖలాస్! యే బీమారీ హై. డాక్టర్ కా కాగజ్ లావో, నహీ తో టికెట్!"

ఇది రోగమే, డాక్టరు కాగితం తేకపోతే టికెట్టేనని. టికెట్ అంటే తిరుగు ప్రయాణమే. దాని వీసా ఆ ఇంటిదే మరి.

"పచ్చకామెర్లేనే అక్కా, అయిపోయింది నా పని" అని అది గదికొచ్చి బావురుమంది.

"నోరు ముయ్యవే. పథ్యం చేత్తే అదే తగ్గుద్ది" అన్నాను.

కామెర్లంటే మా గోదావరి వైపు నూనె, కారం, పులుపు బంద్. చప్పిడి కూడే. మరి బలానికి ఏం పెట్టాలి? బొప్పాయి పండు, ఉడికించిన గుమ్మడికాయ, రెట్టింపు క్యారెట్టు రసం! పథ్యం ముదిరినకొద్దీ దాని అరికాళ్లూ, ముక్కు పక్కలూ కూడా పచ్చబడ్డాయి. ఇక ఆగలేక క్లినిక్‌కు లాక్కెళ్లాను.

డాక్టరమ్మ దాని కనురెప్పలు లాగి చూసింది. రక్తం తీయించింది. ఫలితం వచ్చాక, ఏం తింటోందని అడిగింది. నేను తూకాలతో సహా అప్పజెప్పాను. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"తుమ్ దోనో ఖర్‌గోష్ హో క్యా?"

కుందేళ్లమా అని! రక్తం శుభ్రంగా ఉందట. కామెర్లయితే కళ్లలోని తెల్లగుడ్డు పచ్చబడుతుందట; దీని కళ్లు పాలలా ఉన్నాయి. క్యారెట్టు, గుమ్మడి, బొప్పాయిల్లోని రంగు అతిగా ఒంట్లో చేరి, చర్మంలో నిలిచిందట. చర్మం మందంగా ఉండే అరచేతుల్లో, అరికాళ్లలో బాగా కనిపిస్తుందట. మానేస్తే మెల్లగా అదే పోతుందట.

"అమ్మో, బతికాను!" అని చెల్లెలు అక్కడే గంతేసింది. కాగితం పట్టుకుని నేరుగా ఆ ఇంటికే పోయాం. మేడమ్ కాగితం రెండుసార్లు చదివి, చెల్లెలి గడ్డం పట్టి ఎత్తి, వెలుతురులో కళ్లు చూసింది.

"యల్లా", ఇక పని చూసుకో అన్నట్టు, పిల్లను దాని చేతికిచ్చింది.

పిల్ల ఆ పచ్చటి వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. మేడమ్ ఈసారి పిల్లను లాక్కోలేదు.