రెండు మంచులు

జనవరి చివర్లో ఒక గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు దోహాలో విమానం ఎక్కాను. మూడున్నర గంటల ప్రయాణం. దిగేది టిబిలిసిలో, నల్ల సముద్రం పక్కనున్న జార్జియా దేశపు రాజధాని. ఖతార్‌లో పనిచేసే మనవాళ్ళు సెలవు దొరికితే మంచు చూడడానికి అక్కడికే వెళ్తారు. ఖతార్ రెసిడెన్స్ కార్డు ఉంటే వీసా అక్కర్లేదన్నారు. ఇలాంటివి మారుతుంటాయి, వెళ్ళేవాళ్ళు ముందే చూసుకోవాలి.

నేను వెళ్ళింది మంచు చూడడానికి కాదు. నా భార్య సుజాత తమ్ముడు, ఖతార్‌లోనే పనిచేసే రాజేశం, కిందటి ఏడు అక్కడి కొండల్లో మంచు విరిగిపడి చనిపోయాడు. ఆ పొద్దున అతను చివరిగా మాట్లాడింది నాతో. నా మాట వల్లే పోయాడా అన్నది నాకు తెలియాలి.

నేను బస్సుల డిస్పాచర్‌ని. అల్ ఖోర్ క్యాంపుల నుంచి రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్లకు షిఫ్టు మనుషులను చేర్చే బస్సులు నా చేతిలో ఉంటాయి. చలికాలం తెల్లవారుజామున ఎడారి మీద పొగమంచు దిగుతుంది. మా జగిత్యాల వైపు దాన్ని పొగమంచు అనము. మంచు అంటాము, అంతే. డ్రైవర్లు ఫోన్ చేసి "మంచు పడ్తుంది అన్నా" అంటారు. నేను "ఎండొచ్చేదాక ఆగు, ఎండొచ్చినంక పో" అంటాను. పన్నెండేళ్ళుగా అదే మాట. ఎండ రాగానే మంచు విడిపోతుంది, రోడ్డు కనబడుతుంది.

రాజేశం పోయిన రోజు పొద్దున నా ముందున్న బస్సే నాకు కనబడడం లేదు. ఆరుంబావుకు రాజేశం ఫోన్ వచ్చింది. ఇద్దరు దోస్తులతో జార్జియా వెళ్ళాడని నాకు తెలుసు.

"బావా, ఈడ మస్తు మంచు పడ్తుంది. పైన ఊరొకటుందట, నడిచి పోదామనుకున్న. పోవాల్నా, ఆగాల్నా?"

"ఎండొచ్చేదాక ఆగు. ఎండొచ్చినంక పో," అన్నాను. ఇంకో ఫోన్ మోగుతోంది. పెట్టేశాను.

దోస్తులు చలికి భయపడి గదిలోనే ఉండిపోయారు. అతను ఎండ వచ్చేదాకా ఆగాడు. వచ్చాక వెళ్ళాడు.

ఊళ్ళో వాళ్ళకు గల్ఫంతా దుబాయే. శవపేటిక దిగిన రోజు వాకిట్లో నిలబడి నన్ను అడిగారు, "దుబాయిల మంచేంది బిడ్డా? నిజం చెప్పు." ఎంత చెప్పినా నమ్మలేదు. నేను ఏదో దాస్తున్నాననుకున్నారు. దాస్తున్న మాట నిజమే. రాజేశంతో మాట్లాడానని సుజాతకు చెప్పాను గానీ ఏం మాట్లాడానో చెప్పలేదు. అప్పటినుంచీ ఆమె మంచు అనే మాట వాడదు. దోహా పక్కన అల్ వక్రాలో మా ఇంటి కిటికీలోంచి చూసి "బయట తెల్లగున్నది" అంటుంది.

బయలుదేరేటప్పుడు "ఆడికి పోయి ఏం జూస్తవ్?" అని అడిగింది.

"ఆ జాగ చూస్త," అన్నాను. బ్యాగులో ఇంకో స్వెట్టర్ పెట్టింది.

టిబిలిసిలో ఆ రాత్రి బస్టాండు దగ్గర చిన్న హోటల్లో ఉన్నాను. మర్నాడు తొమ్మిదింటికి ఉత్తరాన కాకసస్ పర్వతాల్లో ఉన్న స్టెపాంట్స్‌మిండా అనే ఊరికి వ్యాను దొరికింది. నిండితేనే కదులుతుంది. టాక్సీ కంటే చాలా చవక. పక్క సీట్లో సలీం భాయ్ అని హైదరాబాద్ మనిషి, దోహాలోని నజ్మాలో దర్జీ. భార్యను తీసుకుని వచ్చాడు.

"యాభై డిగ్రీలల్ల ఉడికెటోళ్ళం అన్నా. గీ చలి మనల్ని ఏం జేస్తది?" అన్నాడు పళ్ళు టకటకలాడిస్తూ.

"బ్యాగ్ నిండ మసాలా పొట్లాలు పెట్టిండు. స్వెట్టర్ మర్చిపోయిండు. పెద్ద టైలర్ సాబ్!" అంది ఆయన భార్య. సుజాత పెట్టిన రెండో స్వెట్టర్ ఆయనకు ఇచ్చాను. చేతులు పొట్టి. "కటింగ్ సరిగ లేదు," అంటూనే తొడుక్కున్నాడు.

పదకొండుకు కనుమ కింద వ్యాను ఆపేశారు. పైన మంచు తీసే యంత్రాలు పనిచేస్తున్నాయి. శీతాకాలం ఈ దారి గంటలకొద్దీ, ఒక్కోసారి రోజుల తరబడి మూసేస్తారు. తిరుగు విమానానికి ముందు రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి. మేం రెండు గంటలు ఆగాం. చీజు పెట్టి కాల్చిన రొట్టె తిన్నాం. గేటు తీశాక వ్యాను రెండు తెల్లటి గోడల మధ్య ఎక్కసాగింది. గోడలు వ్యానుకంటే ఎత్తు. కొండలకు అంచులు లేవు. ఎక్కడ నేల ఆగి ఆకాశం మొదలయిందో తెలియలేదు.

ఆ ఊళ్ళో నేను కలవాల్సిన మనిషి గియా. అరవైకి దగ్గర, కొండదారుల గైడు. రాజేశాన్ని తవ్వి తీసినవాళ్ళలో ఒకడు. అతని నంబరు అప్పటి కాగితాల్లో దొరికింది. ఎందుకు వస్తున్నానో ముందే రాశాను. అతని ఇంట్లోనే గది ఇచ్చాడు.

మర్నాడు ఆరింటికి, చీకటి ఉండగానే, నన్ను పెరట్లోకి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక చెక్క పలక. రాత్రి దానిమీద జానెడు మంచు పడింది. మా ఇద్దరికీ వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో మూడు సంగతులు చెప్పాడు. రాత్రి ఎంత పడింది, గాలి ఎటు నుంచి వీచింది, ఏ వాలు మీద ఎండ ఎన్నింటికి పడుతుంది. ఈ మూడూ తెలియకుండా గడప దాటకూడదు. పలక మీద జానెడు ఉన్నా గాలి మోసుకొచ్చి పోసిన వాలు మీద నడుమెత్తు ఉండొచ్చు. నా మెడలో ఒక చిన్న రేడియో వేశాడు. మంచు కింద పడితే ఎక్కడున్నామో అది చెబుతుంది. కాళ్ళకు, దిగబడకుండా, వెడల్పాటి చట్రాలు కట్టాడు.

వాలు తక్కువగా ఉన్న గట్టు వెంబడి రెండు గంటలు ఎక్కాం. ఏడాదిపాటు మంచు గురించి చాలా పుస్తకాలు చదివాను. ఆ నిశ్శబ్దం గురించి చదివినది సరిపోలేదు. నా ఊపిరి, గుండె తప్ప ఏమీ వినబడలేదు. ఎనిమిదిన్నరకు ఎదురుగా కజ్బెక్ శిఖరం కొస ఎర్రబడింది. దాన్ని వర్ణించను. నిలబడిపోయాను. ఈ చోటికి రాజేశం ఎందుకు ఎక్కాలనుకున్నాడో మాత్రం అర్థమైంది.

గియా పారతో ఛాతీ లోతు గొయ్యి తవ్వి గోడ చూపించాడు. అడుగున గట్టి మంచు. నడుమ ఒక పొర, వేలు పెడితే బొంబాయి రవ్వలా జారింది. దానిమీద కొత్త మంచు బరువు. "ఈ రవ్వ మీద ఇదంతా కూర్చుని ఉంది," అన్నాడు. లోయకు అవతల, మాకు ఎదురుగా ఉన్న వాలును చూపించాడు. రాజేశం దొరికింది అక్కడే.

"ఆ రోజు పదకొండు దాకా ఎందుకు ఆగాడు? మాకు అదే అర్థం కాలేదు," అన్నాడు.

చెప్పాను. ఫోన్, బస్సులు, నా జవాబు. వాళ్ళ భాషలో పొగమంచు 'నిస్లి', పడే మంచు 'తోవ్లి'. మాకు రెండింటికీ ఒకటే మాట అని చెప్పాను. హిమం అని ఒకటుంది గానీ అది పుస్తకాల్లో ఉంటుంది, ఎవరూ ఫోన్లో అనరు. గియా పార కింద పెట్టాడు.

"నిస్లికి ఎండ మందు. తోవ్లికి ఎండ శత్రువు."

ఎండ మెల్లగా ఎదుటి వాలు మీదికి దిగుతోంది. పదకొండు కావస్తుండగా, గట్టు దిగబోతుంటే, గియా నా చేయి పట్టుకుని ఆపాడు. ఆ వాలు మీద పైనుంచి ఒక సన్నని గీత, అడ్డంగా, పలక మీద బలపంతో గీసినట్టు పడింది. చప్పుడు లేదు. గీత కింద ఉన్న కొండంతా కదిలింది. అప్పుడు వచ్చింది చప్పుడు, లోపలినుంచి, నా పక్కటెముకల్లోంచి వచ్చినట్టు. లోయ అడుగున తెల్లటి ధూళి లేచి మా ఎత్తుకు వచ్చింది. ముఖం మీద చల్లగా రాలింది. మళ్ళీ నిశ్శబ్దం. అంతా ఒక నిమిషం కూడా పట్టలేదేమో. నేను అప్పటిదాకా చూసిన వాటిలో అంత పెద్దది ఏదీ లేదు. దానికి మనిషితో పనిలేదు. దాని కింద మనిషి ఉన్నాడో లేడో దానికి తెలియదు.

కూర్చుండిపోయాను. గియాను అడిగాను, "వెంటనే పొమ్మని చెప్పి ఉంటే బతికేవాడా?"

గియా నా పక్కన కూర్చున్నాడు. "ఆ పొద్దున మంచు ఇంకా పడుతోంది. గాలి ఉంది. ఎనిమిదింటికి వెళ్ళినా అదే వాలు, అదే రవ్వ. ఎండ దాన్ని త్వరపెట్టింది, నిజమే. కానీ ఆ రోజులో మంచి గంట లేదు. వెళ్ళవద్దు అన్నదొక్కటే సరైన మాట. అది చెప్పాల్సింది ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళం. అతను మమ్మల్ని అడగలేదు. నిన్ను అడిగాడు."

అది క్షమ కాదు, నిందా కాదు. నిజం. ఇంతదూరం వచ్చింది దానికోసమే.

తిరుగుదారిలో కనుమ తెరిచే ఉంది. సలీం భాయ్ అదే వ్యానులో కలిశాడు. స్వెట్టర్ తిరిగి ఇచ్చాడు, చేతులు మణికట్టు దాకా పొడుగు చేసి. "జోడు ఊలు ఈడనే దొరికింది," అన్నాడు.

విమానం తెల్లవారుజామున దోహాలో దిగాలి. పొగమంచు వల్ల అరగంట గాల్లో తిరిగింది. మెట్రోలో అల్ వక్రాకు వచ్చేసరికి ఆరున్నర. స్టేషన్ బయట ఏమీ కనబడడం లేదు. మా ఇంటికి నడిచి పావుగంట, మధ్యలో పెద్ద రోడ్డు దాటాలి. బెంచీ మీద కూర్చుని సుజాతకు ఫోన్ చేశాను. ఆ పొద్దున రాజేశానికి నేనేం చెప్పానో, ఉన్నదున్నట్టు, ఆ మాటలతోనే చెప్పాను. తర్వాత గియా చెప్పింది చెప్పాను.

ఆమె వెనక కుక్కర్ కూత వినబడింది. స్టవ్ ఆపిన చప్పుడు వినబడింది.

"యాడున్నవ్?"

"స్టేషన్ల."

"బయట మంచు పడ్డది," అంది. ఏడాది తర్వాత ఆ మాట. "బండ్లు కనవడయి. ఎండొచ్చేదాక ఆగు. ఎండొచ్చినంక రా."

ఆగాను. ఏడుంబావుకు ఎండ వచ్చింది. రోడ్డు కనబడింది. దాటి ఇంటికి వెళ్ళాను.