మునగాల పళ్లెంలో జీరంగి రెక్క

కోదాడలో చీరల దుకాణం ముందు ఆటో ఆపుకుని కూర్చుంటే, లోపలి నుంచి కలరా ఉండల వాసన వచ్చింది. సుగుణ మేడమ్ గది గుర్తొచ్చి, ఎక్కబోతున్న మనిషిని వేరే ఆటో చూసుకొమ్మన్నాను.

మేడమ్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఒక్కరే ఉండేవారు. నేనేమో ఎనిమిదో తరగతిలో సెలవు చీటీ రాసిచ్చి, ఇంతవరకు బడికి తిరిగి వెళ్లనివాణ్ని. ప్రతి ఆదివారం మేడమ్ నా ఆటోలోనే మునగాల, నడిగూడెం, మిర్యాలగూడ తిరిగేవారు. పగిడికంటె అని చిన్న గుడ్లగూబ ఉంటుంది. పురుగులను మింగి, అరగని కాళ్లూ రెక్కలూ ఉండచుట్టి కక్కేస్తుంది. తొర్రల కింద ఆ ఉండలు ఏరి, ఊరికో పళ్లెంలో నానబెట్టి, సూదితో విప్పి, ఏ ఊళ్లో ఎన్ని రకాల పురుగులు మిగిలాయో రాసుకునేవారు. కలరా ఉండలు వాటిని దాచిన డబ్బాల్లోవి.

"పక్షి కక్కినదాన్ని సదివే సదువు గూడ ఉంటదా మేడమ్?" అన్నాను మొదటిరోజు.

"బడిలో నువ్వు మింగింది ఒక్కటన్నా బయటికొచ్చిందా? దానికి వస్తుంది, అందుకే చదువుతున్నా."

నా నోరు మూయించిన మొదటి మనిషి ఆమే. మరుసటి వారం నా చేతికీ ఒక సూది ఇచ్చి, మిడత దవడలు రెండు దొరికితే ఒక మిడతగా లెక్కపెట్టడం నేర్పారు.

ఏటికేడు మునగాల పళ్లెం పలచబడుతూ వచ్చింది. ఒక వానాకాలం నాలుగే రకాలు తేలాయి. మేడమ్ ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ ముఖం చూడలేక, ఆమె నీళ్లకు లేచినప్పుడు మిర్యాలగూడ పళ్లెంలోంచి ఆకుపచ్చగా మెరిసే జీరంగి పురుగు రెక్క ఒకటి తీసి మునగాల పళ్లెంలో వేశాను. అది చూసి మేడమ్ చప్పట్లు కొట్టారు. మునగాలకు జీరంగి మళ్లీ వచ్చిందని పాత శిష్యులందరికీ ఫోన్లు చేశారు. ఇద్దరే ఎత్తారు. ఆ ఇద్దరితోనే ఎంతసేపు మాట్లాడారో. మనుషులను నవ్వించడమే నా పని. ఆ రోజు నాకే నవ్వు రాలేదు.

ఆ అబద్ధాన్ని మూడు ఆదివారాలు మోసి, నాలుగోవారం చెప్పేశాను. "నేనే ఏసిన మేడమ్. మీరు జర సంతోషపడతరని."

ఆమె తిట్టలేదు. పుస్తకం తీసి, ఆ వానాకాలం మునగాల పేజీలన్నింటినీ అడ్డంగా కొట్టేశారు. పళ్లెంలో మిగతావేవీ నేను ముట్టలేదని ఒట్టేశాను.

"నమ్ముతాను మల్లేశూ. కానీ ఇది నమ్మింది రాసే పుస్తకం కాదు. కంటబడ్డదే రాయాలి."

ఇక పిలవరనుకున్నాను. మరుసటి ఆదివారం ఫోన్ చేసి, ఇంకా రాలేదేమని అడిగారు. అప్పటి నుంచి మునగాల పేజీ నా చేతే రాయించారు.

పోయిన చలికాలం మేడమ్ చనిపోయారు. గది ఖాళీ చేయడానికి వచ్చిన బంధువులు, డబ్బాల నిండా పురుగులే, పారెయ్యమన్నారు. వాటి కోసమే కదా ఆమె అంత తిరిగారని జోకేశాను. దానికి నవ్వే మనిషి ఆ గదిలో లేరు. డబ్బాలూ పుస్తకమూ ఇంటికి తెచ్చుకున్నాను.

ఇప్పుడు ఆదివారాలు ఒక్కణ్నే తిరుగుతున్నాను. మొన్న మునగాల పళ్లెంలో రెండు రకాలే తేలాయి, మిడత, పేడపురుగు. మూడని రాసినా అడిగేవాళ్లు లేరు. చాలాసేపు నీళ్లు కదిపి చూశాను. రెండు అని రాసి, కింద నా పేరు పెట్టాను.