అమ్మ కొలతకు కట్టిన వంట గట్టు

మా చిన్నప్పుడు... కొండాపూర్‌లో మాకు సొంతిల్లు ఉండేది. కానీ అందులో కిరాయివాళ్లు ఉండేవాళ్లు, మేం వెనకాల రేకుల గదిలో ఉండేవాళ్లం. ఎండాకాలం వస్తే ఆ రేకుల కింద ఉడికిపోయేవాళ్లం.

హైటెక్ సిటీ బిల్డింగు అప్పుడే లేచిన రోజులు. నాయిన జీడిమెట్లలో ఫ్యాక్టరీ డ్యూటీ చేసేవాడు. కంప్యూటర్ ఉద్యోగాలవాళ్లు మా వైపు ఇళ్ల కోసం తిరగడం మొదలుపెట్టగానే ఆయనకు కిరాయిల పిచ్చి పట్టుకుంది. కింద రెండు పోర్షన్లు వేశాడు. వాటి మీద వచ్చిన దాంతో పైన ఒకటి... ఆ తర్వాత చందానగర్‌లో ఒక ప్లాటు. ప్రతిసారీ అదే మాట... "ఈసారి కట్టేది మనకే."

ఇల్లు పూర్తయ్యేది, పాలు పొంగించేవాళ్లం, ఆ వారమే గేటుకు టులెట్ బోర్డు ఎక్కేది. పాలు పొంగించిన స్టవ్వు తిరిగి రేకుల గదికి వచ్చేది. మా గల్లీలో చాలా ఇళ్లలో ఇదే తంతు... మంచి గదులన్నీ కిరాయికి, ఓనర్లు వెనక రేకుల కింద. ఎవరికీ వింతగా అనిపించేది కాదు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

అమ్మ అడిగింది ఒక్కటే... నిలబడి వండుకునే వంటగది. రేకుల గదిలో కింద కూర్చునే వండాలి. రోజంతా లేవడం, కూర్చోవడం, నడుం నొప్పి. పైగా నాయిన డ్యూటీకి పోతే కిరాయివాళ్ల పనులన్నీ ఆమెవే. మోటరు వేయడం, మోరీ జామైతే మనిషిని పిలవడం, ఖాళీ అయిన పోర్షను కడిగి సున్నం వేయించడం... ఇవన్నీ ఇంకెవరు చేశారనుకున్నారు?

పైన రెండో పోర్షను వేస్తున్నప్పుడు నాయిన అమ్మను మేస్త్రి దగ్గరికి పిలిచాడు. "నీ ఎత్తు చూయించు, గట్టు నీకే" అన్నాడు. అమ్మ పొట్టి మనిషి. గోడకు ఆనుకుని నిలబడితే, మేస్త్రి ఆమె నడుము దగ్గర బొగ్గుతో గీత గీశాడు. సరిగ్గా అక్కడికే కడప బండ వేశారు.

ఆ తర్వాత అమ్మ ఏదో ఒక వంకతో పైకి పోయి, ఆ గట్టు ముందు నిలబడి వచ్చేది. పొయ్యి ఇక్కడ, పోపుల డబ్బా అక్కడ అని నాకు చూపించేది. ఆమె అంత సంతోషంగా ఉండడం నేను చాలా తక్కువ చూశాను.

పాలు పొంగించిన మర్నాడే విజయవాడ వైపు నుంచి ఒక జంట వచ్చింది. ఇద్దరివీ కంప్యూటర్ ఉద్యోగాలే. మంచివాళ్లే పాపం. ఆవిడ పొడగరి. వంటగది చూసి, "గట్టు బాగా కిందకి ఉందండి అంకుల్... కొంచెం ఎత్తు చేయించి ఇస్తారా?" అంది.

"అట్లనే అమ్మా, రేపే చేయిస్త" అన్నాడు నాయిన. అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆయన ఆమె వైపు చూడనైనా లేదు.

మర్నాడు పైనుంచి సుత్తె దెబ్బలు వినబడుతుంటే, అమ్మ కింద కూర్చుని కూర తరుగుతూనే ఉంది. నేను ఆగలేక నాయినను అడిగాను, "ఇగ అమ్మకెప్పుడు కడ్తవు?" అని.

"చందానగర్‌ల కడ్త బిడ్డా, జర ఓపిక పట్టున్రి. గిదంత ఎవరి కోసం చేస్తున్న... మీ కోసమే గదా."

మీ కోసమే... ఈ మాట వింటే నాకు ఇప్పటికీ చిర్రెత్తుకొస్తుంది. చందానగర్‌లోనూ కట్టాడు, అదీ కిరాయికే పోయింది. ఆ తర్వాత నిజాంపేటలో కట్టింది హాస్టలుకు ఇచ్చాడు. మేం అడగడం మానేశాం.

ఇప్పుడు ఆ రేకుల గదీ లేదు, ఆ గల్లీ గుర్తుపట్టేలానూ లేదు. ఆ జాగా అపార్ట్‌మెంటుకు ఇస్తే అమ్మకు పెద్ద ఫ్లాటు వచ్చింది. మొన్న వంటగది చేసేవాళ్లు వచ్చి, గట్టు ఎంత ఎత్తుండాలని అడిగారు. అమ్మ మోకాళ్లు పట్టుకుని సోఫాలోంచి లేవకుండానే చెప్పింది...

"వంటామె ఎత్తుకు కొలుసుకోండ్రి నాయనా. ఇగ నేనేడ నిలబడ్త."

నాయిన తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన మీద జాలి పడదామనుకున్నాను... నా వల్ల కాలేదు.

మీ ఇంట్లో అమ్మ "తర్వాత చూద్దాం" అనిపించుకున్నది దేనికి? ఆ తర్వాత అనేది వచ్చిందా...?