వయా లింగంపేట

పొద్దున చాయ్ గ్లాసుతో హాల్లోకి వచ్చేసరికి గోడ మీది బోర్డు తిరిగి ఉంది. నిన్న 'ఎల్లారెడ్డి' అని ఉన్నది, పొద్దునకల్లా 'కామారెడ్డి' అయి కూర్చుంది. వంటింట్లోకి తొంగి చూసి, నువ్వు తిప్పావా అని మా ఆవిడను అడిగాను. "నేనా? నీ బోర్డులు ముట్టుడెందుకు, నీతోని మాటలు పడుడెందుకు?" అంది. ఇంట్లో ఉన్నదే మేమిద్దరం. చాయ్ మీద మీగడ కట్టేదాకా ఆ బోర్డుకు ఎదురుగా అలాగే కూర్చుండిపోయాను. ఆ బోర్డును తిప్పే మనిషి ఒక్కతే ఉండేది. ఆమె పోయాక ఒక వానకాలం కూడా గడిచిపోయింది.

ముందు నా పిచ్చి గురించి చెప్పాలి. బళ్లో డ్రాయింగ్ మాస్టరుగా పనిచేసి రిటైరైన వాణ్ణి. పాత బస్సుల ముందు వేలాడిన రేకు బోర్డులు ఏరుకొచ్చి బాగుచేసుకోవడం తప్ప వేరే వ్యసనం లేదు. ఇప్పటి బస్సులకు నెత్తిమీద లైట్ల అక్షరాలు పరుగెడుతుంటాయి. అద్దాలు తుడుచుకుని ఊరి పేరు సగం చదివేలోపల అది దాటిపోతుంది, దాని వెనకే బస్సూ దాటిపోతుంది. పాత బోర్డుకు ఆ తొందర లేదు. పసుపు రేకు, నల్ల అక్షరాలు, రెండు ముఖాలు. ఒక ముఖం మీద పోయే ఊరు, రెండో దాని మీద వచ్చే ఊరు. చివరి స్టాపులో కండక్టర్ దిగి బోర్డు తిప్పితేనే బస్సు తిరుగు ప్రయాణం అయినట్టు. మా ఇంట్లో అలాంటివి గోడ నిండా ఉన్నాయి. "ఇది ఇల్లా, బస్టాండా? టికెట్ అడుగుతరని సుట్టాలు గూడ వస్తలేరు," అని మా ఆవిడ ఫిర్యాదు.

ఈ బోర్డు భిక్నూర్ దగ్గర పాత ఇనుప సామాన్ల దుకాణంలో దొరికింది. దుకాణం భాయ్ నాకు పాత దోస్తు. "సారూ, మీ సుట్టం వచ్చి కూసున్నడు, జల్ది తీస్కపోండ్రి," అని ఫోన్ చేశాడు. తెచ్చి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాను. మెత్తటి గుడ్డను కిరసనాయిలులో తడిపి రుద్దాను. పైన ఎవరో పూసిన మరో రంగు ఉంటే బ్లేడుతో గీకాను. బ్లేడును పడుకోబెట్టి గీకాలి, నిలబెడితే అక్షరమే లేచిపోతుంది. చివర అవిసె నూనె పట్టించాను. రెండు ఊళ్ల పేర్లూ బతికే ఉన్నాయి గానీ, అడుగు అంచున 'వయా' అన్న మాట తర్వాత ఉండాల్సిన ఊరిని రెండు వైపులా తుప్పు తినేసింది. నాకో మొండి నియమం ఉంది. కనిపించని అక్షరాన్ని నేను రాయను. ఊహించి రాస్తే అది బాగుచేయడం కాదు, అబద్ధం. కాబట్టి ఆ అంచును అలాగే వదిలేసి, బస్సుకు ఉన్నట్టే తీగతో మేకుకు వేలాడదీశాను. ఎల్లారెడ్డి ముఖం కాస్త నిగనిగలాడుతుందని దాన్నే పైకి పెట్టాను.

అప్పుడే మా మేనత్త కంటి ఆపరేషన్ కోసం లింగంపేట నుంచి వచ్చి మా ఇంట్లో దిగింది. ఆమె భర్త, మా మామ, ఎల్లారెడ్డి నైట్ హాల్ట్ బస్సుకు కండక్టర్. సాయంత్రం కామారెడ్డి నుంచి పోయి, రాత్రి ఎల్లారెడ్డిలో పడుకుని, తెల్లవారుజామున మొదటి బస్సుగా తిరిగివచ్చేవాడు. నా చిన్నతనంలోనే డ్యూటీలో గుండె ఆగి పోయాడు. అత్తమ్మ బీడీలు చుట్టుకుంటూ ఒంటరిగా బతికింది. బోర్డు తీసి దాచేద్దామా అనుకున్నాను గానీ, ఆమెకు చదువు రాదు కదా అని ఊరుకున్నాను.

ఆమె వచ్చిన మర్నాటి నుంచీ బోర్డు తిరగడం మొదలైంది. నేను సాయంత్రం ఎల్లారెడ్డి వైపు పెట్టడం, పొద్దున లేచి చూస్తే కామారెడ్డి. మేకు చూశాను, తీగ చూశాను, పిల్లిని కూడా అనుమానించాను. "యాడేడియో తెచ్చి తగిలిస్తివి. గా బండ్లల్ల ఎవలెవలు పోయిన్రో, ఎవలు మల్ల రాలేదో," అని మా ఆవిడ ఊదుబత్తి వెలిగించింది. పైకి నవ్వాను గానీ, లైటు వేయకుండా ఆ గదిలోకి అడుగు పెట్టేవాణ్ణి కాదు. నిజం చెప్పాలంటే భయపడ్డాను.

ఒకనాడు తెల్లవారుతుండగా చప్పుడై లేచి వచ్చాను. ఒక కంటికి కట్టుతో అత్తమ్మ గోడ ముందు నిలబడి, బోర్డును రెండు చేతులా తిప్పుతోంది.

"గింత పొద్దుగాల లేసినవేంది అల్లుడా?" అని నన్నే అడిగింది, దొంగను నేనైనట్టు.

"నువ్వేం జేస్తున్నవ్ అత్తమ్మా?"

"బండి ఎల్లే యాళ్లాయె గద. తిప్పకుంటె ఎట్ల?"

చదువు రాకపోయినా ఆ రెండు పేర్లూ ఆమెకు రూపంతో తెలుసు. రోజూ ఆ వేళకు రొట్టెల డబ్బాతో లింగంపేట స్టాపులో నిలబడేది. బస్సు వస్తే మామ చెయ్యి చాపి అందుకునేవాడు. మామ పోయిన రోజు ఎల్లారెడ్డి నుంచి వస్తున్న బస్సుకు ఎల్లారెడ్డి బోర్డే ఉంది. స్టాపులో ఉన్నవాళ్లు వింతగా చూసి నవ్వారట. "నాకు నవ్వు రాలే. ఆయన ఉండంగ బోర్డు తిప్పకుండ బండి కదలదు. గది సూడంగనె నా పాణం పోయింది," అంది. ఎల్లారెడ్డిలో ఛాతీ నొప్పి వస్తే, డ్రైవర్ మామను వెనక సీట్లో పడుకోబెట్టి కామారెడ్డి ఆస్పత్రికి బస్సును ఉరికించాడు. ఆ గాబరాలో బోర్డు ఎవరికి గుర్తుంటుంది? లింగంపేట చేరేసరికే మామ లేడు.

"గా బోర్డు సూసుకోని ఆయన మల్ల ఎల్లారెడ్డికే పోయిండేమోనని నా మనసుల పడ్డది. గిన్నేండ్లల్ల నాకు కలల గూడ రాలే అల్లుడా. ఒక్కపారన్న రాలే."

ఆ దారికి బోర్డులు చాలా ఉండేవి అత్తమ్మా, ఇది అదే అని చెప్పలేను అన్నాను.

"బోర్డు ఏదైతేంది? తోవ గదే గద." ఆమె వేళ్లు కిందికి జారి తుప్పు దగ్గర ఆగాయి. "గీడ ఏముండె?"

"మీ ఊరి పేరే ఉండె కావచ్చు. తుప్పు తిన్నది."

"మరి మనూరు లేకుంటె ఆయన యాడ దిగుతడు? పోయే దిక్కు వద్దుగని, వచ్చే దిక్కు రాయి బిడ్డా."

ఎంతోమంది ఏవేవో పేర్లు రాయమంటే రాయనని పంపిన వాణ్ణి. ఆ పొద్దు మాత్రం కుంచె తీశాను. కామారెడ్డి ముఖం మీద, 'వయా' పక్కన, తుప్పు మీదనే 'లింగంపేట' అని రాశాను. అత్తమ్మ పీట వేసుకుని పక్కనే కూర్చుని, తడి రంగుకు తగలకుండా ఒక్కో అక్షరం మీద గాలిలో వేలు తిప్పింది.

సాయంత్రానికి రంగు ఆరింది. మళ్లీ ఎల్లారెడ్డి ముఖం పైకి పెట్టాను. మర్నాడు పొద్దున బోర్డు తిరగలేదు. ఎండ మంచం మీదికి వచ్చినా అత్తమ్మ లేవలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టబోయాను. చటుక్కున లేచి కూర్చుంది.

"వచ్చిండు అల్లుడా! గదే ఖాకీ అంగి, సంకల గదే సంచి. రొట్టె తిన్నడు."

"ఏమన్నడు?"

"ఏమంటడు? మాడిందన్నడు," అని పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే కట్టు లేని కంటి నుంచి నీళ్లు కారాయి. నాకూ ఆగలేదు.

ఆ తర్వాత ఆమె బోర్డు ముట్టుకోలేదు. కట్టు విప్పాక ఊరికి వెళ్లిపోయింది, ఏడాది తిరక్కుండానే నిద్రలోనే కన్నుమూసింది. అప్పటినుంచి బోర్డు ఎల్లారెడ్డి అనే ఉంది, ఈ పొద్దుటి దాకా. కిటికీలు మూసే ఉన్నాయి. పక్క బోర్డులేవీ కదల్లేదు. మా ఆవిడ వచ్చి, నేను రాసిన ఆ ఊరి పేరు వైపు చాలాసేపు చూసింది. ఈసారి ఊదుబత్తి వెలిగించలేదు. "ఇద్దరు కలిసి వచ్చిన్రేమో. ఉండనియ్," అంది మెల్లగా.

పగలంతా ఉండనిచ్చాను. ఇప్పుడు పొద్దు వాలింది, సాయంత్రం బస్సు ఎల్లారెడ్డికి పోవాలి కదా, లేచి నా చేత్తోనే తిప్పి వచ్చి ఇది రాస్తున్నాను. కాలం పోయేదే గానీ వచ్చేది కాదనుకునేవాణ్ణి. దానికీ ఎక్కడో ఒక నైట్ హాల్ట్ ఉంటుందనీ, తెల్లవారుజామున మన ఊరి మీదుగా ఒకసారి వచ్చి పోతుందనీ ఇప్పుడనిపిస్తోంది.