ఊక బూడిదతో తోమిన మోటారు

మా తాడేపల్లిగూడెంలో అంట్లు తోమడానికి ఊక బూడిదను మించింది లేదు. రైసు మిల్లు బాయిలరులో కాలిన ఊక అది. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతుంది. నాన్న మిల్లులో గుమాస్తా కనక మా ఇంట్లో దానికి ఏనాడూ లోటు లేదు. అమ్మ అందులో కాస్త చింతపండు తొక్కు కలిపి, కొబ్బరి పీచు పట్టుకుని కూర్చుందంటే, మసి పట్టిన ఇత్తడి గుండిగలో మన మొహం మనకు కనబడాల్సిందే. అరువు తెచ్చిన గిన్నె అయితే మరీను. ఒకరింటి నుంచి తెచ్చిన వస్తువును తెచ్చినప్పటికంటే మెరిపించి పంపాలి. "తోమకుండా పంపారమ్మా" అన్న మాట ఒక్కసారి పడిందా, ఇక ఆ ఇంటి ఆడవాళ్లు వీధిలో తలెత్తుకు తిరగలేరు.

ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా అమ్మ తెలివితక్కువది కాదని మీకు తెలియాలి. ఆమెను చూసి నవ్వినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లను తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ముప్ఫైల నాటి మాట. గూడెం మొత్తానికి మోటార్లు వేళ్ల మీద లెక్కపెట్టే రోజులు. నాకు అప్పుడే ఓణీలు వేశారు. మా అక్కను కొల్లేటి ఒడ్డున ఉన్న ఊరికి ఇచ్చారు. పురిటికి తీసుకొద్దామని మంచిరోజు చూస్తుండగానే కొల్లేరు పొంగింది. ఒకనాడు పొద్దున్నే బావ పంపిన మనిషి రైలు దిగి పరుగెత్తుకొచ్చాడు. నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయనీ, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసిందనీ చెప్పాడు.

నాన్న చెప్పులైనా వేసుకోకుండా మిల్లుకు వెళ్లారు. మిల్లు షావుకారుగారు అప్పుడే అత్తిలిలో పెళ్లికని కారెక్కబోతున్నారట. సంగతి వినగానే కాలు కిందికి దించేశారు. "నేను రైల్లో పోతానండీ. రేపు సాయంత్రానికి వస్తాను. కారు మీరు తీసుకెళ్లండి, ముందు అమ్మాయి సంగతి చూడండి" అన్నారు. ఎంత దొడ్డ మనసో చూడండి. ఆ దొడ్డతనమే తర్వాత మా పీకల మీదికి వచ్చింది.

కారు నడిపేది సాయిబు. మనిషి సన్నగా, మాట మెత్తగా ఉండేవాడు. ఇంట్లో అరడజను మందికి అతని సంపాదనే ఆధారం. నాన్నా, అమ్మా, నేనూ ఎక్కాం. ఆ కొల్లేటి గట్టు మీద కారు ఎన్నిచోట్ల దిగబడిందో! దిగబడ్డప్పుడల్లా అతను మోకాలి లోతు బురదలోకి దిగి భుజం పెట్టి నెట్టాడు. దోనె మీద వచ్చిన అక్కను వెనక సీట్లో అమ్మ ఒళ్లో పడుకోబెట్టాం. అది అరుస్తోంటే ఇతను ముందు కూర్చుని "అల్లా, అల్లా" అనుకుంటూ ఏలూరు ఆస్పత్రికి చేర్చాడు. తల్లీ పిల్లా దక్కారు. ఆ కారూ ఆ సాయిబూ లేకపోతే మా అక్క లేదు, అంతే.

మర్నాడు అక్క దగ్గర వాళ్ల అత్తగారిని ఉంచి, పథ్యానికి కావలసిన సరంజామా తీసుకెళదామని మేం గూడెం వచ్చాం. అప్పటికి మధ్యాహ్నం అయింది. కారును మా వాకిట్లో ఆపారు. అది నల్ల కారని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. బురద ఎండి అట్టలు కట్టింది, చక్రాలకు నాచు చుట్టుకుంది, కొల్లేటి చేపల వాసన గుప్పుమంటోంది.

"అమ్మగారూ, ఒక్క కునుకు తీసి లేచి నేనే కడిగేస్తానండీ. బాబుగారు వచ్చేది సాయంత్రం బండికి గదా" అన్నాడు సాయిబు. అమ్మ అతనికి అన్నం పెట్టింది. అతను మా అరుగు మీద తలగుడ్డ మొహాన కప్పుకుని పడుకున్నాడు. రాత్రంతా కన్ను మూయలేదు పాపం.

అమ్మ గుమ్మంలో నిలబడి కారును చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు.

"నా పిల్లను బతికించి తెచ్చిన బండే ఇది. ఇలా ఇస్తామా? నువ్వు నీళ్లు తోడు."

"లేచి కడుగుతానన్నాడు కదమ్మా."

"నీళ్లు పోసి ఊరుకుంటే కడిగినట్టేనా? తోమొద్దూ?"

నేను చేద వేసి నీళ్లు తోడుతోంటే అమ్మ చీర కుచ్చెళ్లు ఎగదోపింది. మొదట దీపాల చుట్టూ ఉన్న ఇత్తడికీ, హారనుకూ చింతపండు పట్టించింది. అవి బంగారంలా మెరిశాయి. దాంతో ఆమెకు హుషారు వచ్చింది. కారు తలుపుల మీద ఇంత ఊక బూడిద చల్లి, పీచు పట్టుకుని, గుండిగలు తోమినట్టు గుండ్రంగా, బలంగా తోమింది. బానెట్ తోమింది, మడ్‌గార్డులు తోమింది. తడి మీద చూడాలి ఆ నిగనిగ! నాన్న నిద్ర లేచి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని "బావుందే! కొత్త బండిలా ఉంది. ఇదిగో, ఈ మూల కాస్త వదిలేశావు" అని వేలు పెట్టి మరీ చూపించారు.

ఎండకు తడి ఆరింది. ఆరినచోటల్లా నలుపు పోయి తెల్లటి మసక దిగింది. అమ్మ కొంగుతో తుడిచింది. పోలేదు. మళ్లీ నీళ్లు పోసింది. నిగనిగలాడింది. మళ్లీ ఆరింది. దగ్గరికి వెళ్లి చూస్తే ఒంటినిండా గీతలే, పిల్లి రక్కినట్టు. అమ్మ చేతిలో పీచు అలాగే ఉండిపోయింది.

సాయిబు లేచి కూర్చుని కారును చూశాడు. అరిస్తే బావుండును. అరవలేదు. "ఎంత పని చేశారమ్మగారూ" అన్నాడు, వినీ వినపడనట్టు. తర్వాత తలుపు మీద అరచెయ్యి వేసి నెమ్మదిగా నిమిరాడు. ఆ బండిని అతను రోజూ పొద్దున్నే మెత్తటి పాతగుడ్డతో తుడుస్తాడని, ఒక్క గీత పడనివ్వడని మిల్లులో అందరికీ తెలుసు. ఇప్పుడు అతని కొలువే పోయేట్టుంది.

"మైనం ఏమన్నా ఉందాండీ? రుద్దితే గీతలు కొంచెం కనబడకుండా పోతాయేమో" అన్నాడు. మా ఇంట్లో ఉన్నది కుంకుమ కింద పెట్టుకునే బొట్టు మైనం. అమ్మ తన భరిణె తెచ్చింది. నన్ను చుట్టుపక్కల ఇళ్లకు పంపింది. "ఎందుకే ఇంత మైనం? ఊరందరికీ బొట్లు పెడతారా ఏం?" అని ఒకావిడ వేళాకోళమాడింది. నేను నేల చూపులు చూస్తూ అందరి దగ్గరా తీసుకొచ్చాను. కొబ్బరినూనెలో కరిగించి, పాత పంచె ముక్కలతో ముగ్గురం రుద్దాం. దూరం నుంచి చూస్తే ఫరవాలేదు అనిపించింది. ఎండ పడిన వైపు మాత్రం మమ్మల్ని వెక్కిరిస్తూనే ఉంది.

రైలు వేళకు కారు స్టేషనుకు తీసుకెళ్లాలి. ఆ లోపలే వీధి మలుపులో జట్కా వినబడింది. షావుకారుగారు ముందు బండికే వచ్చేశారు. ఇంటికైనా పోకుండా, మా అక్క ఎలా ఉందో అడగడానికి తిన్నగా మా గుమ్మానికే వచ్చారు. అమ్మా నేనూ లోపలికి పరుగెత్తి తలుపు చాటున నిలబడ్డాం.

"అమ్మాయి క్షేమమేనా గుమాస్తాగారూ?" అంటూనే ఆయన కారు వైపు తిరిగారు. దగ్గరికి వెళ్లి వేలితో రుద్ది చూశారు. వేలికి మైనం అంటింది.

"ఏమిటిది?"

"నేనే కడిగానండీ బాబుగారూ" అన్నాడు సాయిబు. "బురద గట్టిగా ఉంటే ఇసక పెట్టి రుద్దాను. బుద్ధి గడ్డి తిన్నది."

షావుకారుగారు నాన్న వైపు చూశారు. "మీ వాకిట్లోనే గదండీ ఇది జరిగింది? మీరు చూడలేదా?"

నాన్న కండువా సర్దుకున్నారు. "నిద్రపోయానండీ. చూడలేదు" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. బూడిద రాలిన వాకిలి అక్కడే ఉంది, నేను తోడిన నీళ్లు ఇంకా ఆరలేదు. ఇందాక మూల చూపించిన ఆ వేలితోనే నాన్న కండువా సర్దుకుంటున్నారు. ఆయన నా కన్నతండ్రి అయినందుకు ఆ క్షణాన నాకు పట్టలేనంత సిగ్గేసింది.

"తాళం ఇలా ఇయ్యి. రేపటి నుంచి రావక్కర్లేదు" అన్నారు షావుకారుగారు, గొంతు పెంచకుండానే. సాయిబు తాళం తీసి ఇచ్చేశాడు.

నా పక్కన అమ్మ లేదు. చూద్దును గదా, అరుగు మీద ఉంది! షావుకారుగారి ఎదట ఏనాడూ నిలబడి ఎరగని మనిషి, ఒక చేత పీచూ ఒక చేత బూడిద చిప్పా పట్టుకుని నిలబడింది.

"తోమింది నేనండీ బాబుగారూ. అతను పడుకున్నాడు. మీ వస్తువు మురికిగా పంపకూడదని గిన్నె తోమినట్టు తోమాను. రంగు సంగతి నాకు తెలియదండీ. అతన్ని ఏమీ అనకండి, నా పిల్లను అతనే బతికించాడు."

షావుకారుగారు ఆ పీచు వైపు చూశారు, బూడిద వైపు చూశారు. పెదవులు బిగబట్టుకున్నా నవ్వు ఆగలేదు. జట్కావాడైతే పగలబడి నవ్వాడు. "అయితే గుమాస్తాగారు..." అని ఆయన ఏదో అడగబోయారు.

"ఆయన నిద్రపోయారండీ" అంది అమ్మ.

షావుకారుగారు తాళం సాయిబు చేతిలో పెట్టి కారెక్కారు. సాయిబు వెళుతూ వెళుతూ అమ్మకు సలాం చేశాడు. నాన్న వైపు చూడలేదు.

మర్నాటికి ఊరంతా పాకింది. చెరువు దగ్గర, మిల్లు దగ్గర మేం "కారు తోమినవాళ్లం" అయ్యాం. కొత్త రంగు వేయించేదాకా ఆ మసకబారిన కారు మా వీధినే తిరిగేది. హారను వినబడితే చాలు, నేను లోపలికి పోయేదాన్ని. అమ్మ మాత్రం వాకిట్లోనే నిలబడేది. నాన్నను ఆమె ఒక్క మాట అనలేదు. అంటే ఆయన కాస్త తేలికపడేవారేమో.

కారు వెళ్లిపోయిన ఆ రాత్రి నాన్న అన్నం ముట్టలేదు. మర్నాడు భోంచేసి, ఎంగిలి కంచం అక్కడే వదిలి లేచే అలవాటున్న మనిషి, దాన్ని చేత్తో పట్టుకుని నూతి దగ్గరికి వెళ్లారు. గొంతుక్కూర్చుని, ఊక బూడిద తీసుకుని తోమడం మొదలుపెట్టారు. అమ్మ గాభరాపడి పరుగెత్తింది.

"ఇదేం చోద్యమండీ! ఇలా ఇవ్వండి, ఎవరైనా చూస్తారు."

"చూడనీ" అన్నారు నాన్న.

కంచం ఇవ్వలేదు. ఆ రోజే కాదు, బతికినన్నాళ్లూ ఇవ్వలేదు.