తొమ్మిదో రోజు నుంచి సింగిల్ రూమ్

గత నవంబరులో ఒక ఆదివారం ఉదయం, టిఫిను అయ్యాక, రూళ్ళ నోటుబుక్కు ఒకటి తీసి మొదటి పేజీ మీద 'స్కాట్లండు, ఐర్లండు - టూర్ డైరీ' అని రాశాను. ప్రయాణం ఈ అక్టోబరులో. అంటే పదకొండు నెలల ముందు. కాఫీ గ్లాసు పక్కన పెడుతూ మా ఆవిడ, "మన పెళ్ళికి కూడా ఇంత ముందునుంచి ఎవరూ కష్టపడలేదండి" అంది.

యాత్ర ఆవిడ కోరిక. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పింది. ఐర్లండు ఉత్తరపు ఒడ్డున, ఎప్పుడో లావా చల్లారి గడ్డకట్టిన రాతి స్తంభాలు, ఎక్కువ భాగం ఆరు పలకలవి, వేలకొద్దీ మెట్లలాగా సముద్రంలోకి దిగుతాయి. ఏటేటా ఆ బొమ్మ బోర్డు మీద గీసి పిల్లలకు చూపించేది. రిటైరైన రోజున దండలు, శాలువాలు అన్నీ బల్ల మీద పెట్టి, "ముప్ఫై సార్లు గీసేను. ఒక్కసారి వాటి మీద నిలబడాలి" అంది. ఆ తర్వాత గుండెలో స్టెంటు పడింది. ఇప్పటికి రెండేళ్ళు దాటింది. విశాఖలో చూసే డాక్టరు గారు వెళ్ళవద్దని అనలేదు. బయలుదేరే నాటికి ఆగకుండా, ఆయాసం లేకుండా అరగంట నడవగలిగితే వెళ్ళవచ్చని, లేకపోతే వద్దని అన్నారు. అప్పటినుంచి ప్రతి ఉదయం ఆవిడ నడిచి రావడం, ఎన్ని నిమిషాలో చెప్పడం, నేను డైరీలో రాయడం. నవంబరు నాటికి అంకె ఇరవై రెండుకు వచ్చింది.

టూర్ డైరీ సంగతి చెప్పాలి. నేను స్కూళ్ళ తనిఖీ అధికారిగా చేశాను. రోలుగుంట, కోటవురట్ల, గొలుగొండ ఇవన్నీ నా పరిధి. ఏ రోజు ఏ ఊరు వెళ్ళామో, ఏం చూశామో నెలనెలా టూర్ డైరీ రాసి పై ఆఫీసుకు పంపాలి. చాలామంది నెలాఖరున కూర్చుని గుర్తున్నదీ లేనిదీ కలిపి రాసేవారు. నాకది నచ్చేది కాదు. నేను నెల మొదటి తారీఖునే నెలంతటిదీ రాసేసేవాణ్ణి, జరిగిపోయినట్టుగానే. 'ఉదయం తొమ్మిదింటికి స్కూలు చేరాను. నాలుగో తరగతి చూశాను. ఒంటిగంటకు బయలుదేరాను.' ఆ తర్వాత నెలంతా ఆ రాసిన ప్రకారం తిరిగేవాణ్ణి. అబద్ధం ఆడకుండా ఉండటానికి నాకు తెలిసిన పద్ధతి అదే.

ఒక్కసారి తేడా వచ్చింది. గొలుగొండ వైపు ఒక ఊళ్ళో 'ప్రధానోపాధ్యాయుడు కొత్త గది చూపించి కొబ్బరి బొండం ఇచ్చారు' అని రాసి ఉంచాను. ఆ రోజు వెళ్ళేసరికి ఆయన తెల్లవారుజామునే చనిపోయారు. స్కూలు తలుపులు తీసి ఉన్నాయి, లోపల ఎవరూ లేరు. గుమ్మంలో నిలబడి ఉంటే పక్క చెరుకు తోట రైతు వచ్చి, ఎండలో వచ్చారంటూ కొబ్బరి బొండం కొట్టి చేతికిచ్చాడు. రాసినట్టే జరిగింది, ఇచ్చిన చెయ్యి మాత్రం వేరు. ఆ వాక్యాన్ని కొట్టెయ్యాలో వద్దో తెలియక ఆ నెల డైరీ నాలుగు రోజులు ఆలస్యంగా పంపాను.

అయినా పద్ధతి మానలేదు. ఈ యాత్రకూ అలాగే రాశాను. కంప్యూటర్లో రోడ్ల ఫొటోలు చూసుకుంటూ, రైళ్ళ టైములు రాసుకుంటూ, రోజుకో రెండు పేజీల చొప్పున పద్నాలుగు రోజులు. మూడు రోజులు ఎడిన్‌బరో. నాలుగో రోజు రైల్లో ఇన్వర్నెస్. తర్వాత పొడవాటి చెరువులు, కొండలు, స్కై దీవి. ఎనిమిదో రాత్రి ఫోర్ట్ విలియం, తొమ్మిదో రోజు గ్లాస్గో, పదో రోజు ఓడలో బెల్‌ఫాస్ట్. ఆవిడ బోర్డు మీద గీసిన రాళ్ళు పదకొండో రోజు. చివర డబ్లిన్. నవంబరు ముగిసేలోగా రాసి, కింద తేదీ వేసి, బీరువాలో పెట్టాను. రాసిందాన్ని మళ్ళీ చదివే అలవాటు నాకు లేదు.

జనవరిలో దాని నుంచి తేదీలు, ఊళ్ళు, గదులు మాత్రం ఒక కాగితం మీదకు ఎత్తి విశాఖలో ట్రావెల్ ఆఫీసుకు పంపాను. వారం తర్వాత ఆ ఆఫీసు అమ్మాయి ఫోను చేసింది. నేను వీధి అరుగు మీద ఉన్నాను, ఆవిడ లోపల బీరకాయలు తరుగుతోంది.

"సార్, నమస్తే అండి. మీ ప్లాను సూసేనండి. ఇంత నీటుగా ఎవరూ రాసివ్వరండి, మా మేనేజరు గారు గోడకి అంటించమన్నారు. ఒక్కటే డౌటండి."

"చెప్పమ్మా."

"ఎనిమిదో రోజు దాకా డబల్ రూమ్ రాసేరండి. తొమ్మిదో రోజు నుంచి అన్నీ సింగిల్ రూమ్. మేడమ్ గారు అక్కణ్ణుంచి వెనక్కొచ్చెస్తారాండీ? రిటర్న్ టికెట్టు ఆవిడకి గ్లాస్గో నుంచి తియ్యాలా?"

పొరపాటు పడ్డానని, చూసి చెబుతానని అన్నాను. "పర్లేదండి, బేగి సెప్పండి సార్, రేట్లు పెరిగిపోతాయి" అని పెట్టేసింది.

బీరువా తీసి నోటుబుక్కు చూశాను. కాగితంలో పొరపాటు లేదు. ఉన్నది ఉన్నట్టే ఎత్తి రాశాను. ఎనిమిదో రోజు పేజీలో ఆవిడ ఉంది. చెరువు ఒడ్డున ఎర్రబడిన ఆకు ఒకటి ఏరి పుస్తకంలో పెట్టుకుంది. తొమ్మిదో రోజు పేజీలో లేదు. ఆవిడ ఎక్కడికైనా వెళ్ళినట్టు గాని, ఒంట్లో బాగులేనట్టు గాని ఒక్క మాట లేదు. 'కాఫీ ఒకటి తాగాను. వాన. గొడుగు ఒకటే ఉంది, సరిపోయింది.' పది, పదకొండు కూడా అంతే. పదకొండో రోజు రాళ్ళ దగ్గర 'గాలి ఎక్కువగా ఉంది. ఇరవై నిమిషాలు నిలబడి వచ్చేశాను' అని ఉంది. దస్తూరి నాదే. ఎక్కడా చెయ్యి తడబడలేదు.

తొమ్మిదో రోజు బస్సు ప్రయాణంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. 'పక్క సీట్లో మెరూన్ కోటు మడిచి పెట్టాను. మలుపుల్లో జారిపోకుండా దానికీ బెల్టు బిగించాను.'

నా కోటు నల్లది. ఆవిడ కోటు మెరూన్. కాని అది డిసెంబరు చివర విశాఖలో కొన్నది. పేజీ కింద నేను వేసిన తేదీ నవంబరు. సాయంత్రం దాకా కారణాలు వెతికాను. ఆవిడ ముందే ఆ రంగు గురించి అని ఉండవచ్చు. నా రోజువారీ డైరీలో అలాంటి మాట కోసం అక్టోబరు నుంచి చూశాను. లేదు.

ఆవిడకు చెప్పలేదు. తొమ్మిదో రోజు నుంచి వాక్యాల సందుల్లో ఆవిడను చేర్చాలని చూశాను. 'కాఫీ ఒకటి'ని 'కాఫీలు రెండు' చేశాను. 'ఆవిడ కూడా వచ్చింది' అని పైన ఇరికించాను. చదువుకుంటే, వచ్చిన మనిషిలాగా లేదు. గదిలో లేనివాళ్ళ గురించి మాట్లాడుకుంటున్నట్టు ఉంది. పెన్సిలుతో రాశాను కనుక చెరిపేశాను.

ఆ శనివారం మేము లంబసింగి వెళ్ళాలని ముందే అనుకున్నాం. అక్కడి చలిలో కోట్లు వేసుకుని నడిచి చూస్తే, వాటి సత్తా, మా సత్తా తెలుస్తుందని నా ఆలోచన. తెల్లవారకముందు కారు మాట్లాడుకుని ఘాటీ ఎక్కాం. ఆరున్నరకు దిగాం. డ్రైవరు టీ బడ్డీ దగ్గర ఆగిపోయాడు. మంచు ఎంత దట్టంగా ఉందంటే రోడ్డుకు రెండో అంచు కనబడలేదు. వాచీ చూసుకుని నడక మొదలుపెట్టాం. ఆవిడ నా ఎడమ పక్కన, అరడుగు వెనక.

నేను నడుస్తూనే మనసులో ఆ రోజు డైరీ కూర్చుకుంటాను. అదీ అలవాటే. 'ఉదయం ఆరు ముప్ఫై అయిదు. మంచు. చలి ఓర్చుకోదగినంత. నడక పదకొండు నిమిషాలు. తిరిగి వస్తూ టీ ఒకటి తాగాను.' ఆ చివరి మాట అనుకున్నాక కాలు ఆగింది. వెనక అడుగుల చప్పుడు లేదు. ఎంతసేపటి నుంచి లేదో తెలియదు.

"ఇదిగో" అని పిలిచాను. మా ఇళ్ళల్లో భార్యను పేరు పెట్టి పిలవరు. నలభై ఏళ్ళుగా 'ఇదిగో' అంటే ఆవిడే. మంచులో అది ఎవరి పేరూ కాదు. ఎక్కడినుంచో ఒక ఆడగొంతు "ఆఁ" అంది, లోయ వైపు నుంచి. మళ్ళీ పిలిచాను. ఈసారి మగగొంతు నవ్వింది. మంచు చూడటానికి వచ్చినవాళ్ళు ఎవరో. ఇంక పిలవలేదు. వెనక్కి నడిచాను, రోడ్డు అంచున తెల్లగీత పట్టుకుని.

ముందుగా కోటు కనబడింది. కల్వర్టు గోడ మీద, చక్కగా నాలుగు మడతలు పెట్టి ఉంది. మెరూన్. చుట్టుపక్కల మనిషి లేదు. దాని మీద చెయ్యి వేస్తే ఇంకా వెచ్చగా ఉంది.

"కంగారు పడకండి. కింద ఉన్నాను."

గోడకు అవతల, మట్టిగట్టు మీద, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చుని ఉంది. చీర వీపు దగ్గర చెమటతో తడిసింది, అంత చలిలో. పక్కన కూర్చుని మణికట్టు పట్టుకున్నాను.

"లెక్కెట్టకండి, నాడి ఉంది" అంది.

"నిన్న ఇరవై ఆరు నిమిషాలు నడిచానని చెప్పావు కదా?"

"ఇరవయ్యారు నిమిషాలు బయటున్నాను. నడిసింది పది. మిగతాది కాలేజీ గోడ దగ్గర సిమెంటు బల్ల."

"ఎప్పటినుంచి?"

"మొదటినుంచేనండి. నిజం సెప్తే మీరు టూరు కొట్టేస్తారు కదేటి."

యాభై ఏళ్ళుగా నా డైరీల్లో జరగనిది రాయలేదని నా నమ్మకం. జరగబోయేది రాశాను, అంతే. ఇప్పుడు చూస్తే రెండేళ్ళుగా ప్రతి పేజీలో ఒక అబద్ధపు అంకె నా చేత్తోనే ఉంది.

కాసేపు ఊపిరి తీసుకుని ఆవిడ అంది: "మీ నోటుబుక్కు నేను డిసెంబర్లోనే సదివేనండి."

గోడ మీంచి కోటు అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాను.

"కోటు కొనటానికెళ్ళినప్పుడు నీలంది బాగుందనిపించింది. మీరు మెరూన్ అని రాసేరు కదా. రాసిందాన్ని తప్పు సెయ్యడం ఎందుకని ఇదే తీసుకున్నాను."

"అది చదివాక కూడా నాతో అనలేదేం?"

"ఏటి అనమంటారు? నన్ను ఎక్కడ దింపీసేరని అడగనా?" నవ్వబోయింది, దగ్గు వచ్చింది. "నాకు కోపం అందుక్కాదు. రాళ్ళు పదకొండో రోజున పెట్టి, నన్ను ఎనిమిదో రోజునే ఆపీసి, అక్కడికి మీరొక్కరే ఎల్లేరు. పైగా ఇరవై నిమిషాలంట! మీరేటైనా సోషల్ టీచరా? మీకక్కడ ఏటి పని?"

"వద్దు. మానేద్దాం" అన్నాను.

"మానేస్తే ఆ ఎనిమిది రోజులూ పోతాయండి. అవీ మీరు రాసినవే."

మంచులోంచి ఒక బస్సు లైట్లు వేసుకుని వచ్చి, మా పక్కగా వెళ్ళింది. కిటికీల్లో మొహాలు ఉన్నాయో లేదో తెలియలేదు. ఆవిడ దాన్ని చూస్తూ, నెమ్మదిగా, క్లాసులో ఒక పాఠం చెప్పినట్టు చెప్పింది. "ఐర్లండు నుంచి మొదలెట్టండి. డబ్లిన్‌లో దిగుదాం. రెండో రోజు బెల్‌ఫాస్ట్. మూడో రోజు రాళ్ళు. ఆ తర్వాత స్కాట్లండు ఎంతొస్తే అంత."

ఆ మాటలో భయం లేదు. అది నన్ను భయపెట్టింది. నా రాతను ఆవిడ నమ్మింది. నమ్మి, దానికి తగ్గట్టు తన పని ముందుకు జరుపుకుంటోంది.

ఆ వారమే విశాఖ వెళ్ళి డాక్టరు గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఆవిడ తల వంచుకుని కూర్చుంది, హోంవర్కు చెయ్యని పిల్లలాగా. ఆయన పరీక్షలు చేయించి, మందులు మార్చి, షరతు మాత్రం మార్చలేదు. అరగంట. ఆగకుండా. ఈసారి పక్కన నేనుండాలి.

ట్రావెల్ ఆఫీసు అమ్మాయికి కొత్త వరస పంపాను. పద్నాలుగు రోజులూ డబల్ రూములే. "ఈసారి మేడమ్ గారు ఫుల్లు టూరా అండీ! సూపరండి" అంది. కొత్త నోటుబుక్కులో టూర్ డైరీ మళ్ళీ మొదలుపెట్టాను. మూడో రోజు పేజీలో ఆవిడ రాళ్ళ మీద నిలబడింది. ఎంతసేపు అన్నది రాయలేదు. నాలుగు నుంచి ఎనిమిది దాకా ప్రతి రోజూ రాసినది రాసినట్టు గట్టిగా చదివి, ఆవిడ ఉన్నదో లేదో చూసుకున్నాను. ఉంది. తొమ్మిదో రోజు పేజీ మీద కలం పెట్టలేదు. పెడితే చెయ్యి ఏం రాస్తుందో నాకు తెలియదు. జీవితంలో మొదటిసారి, ఒక ప్రయాణానికి సగం డైరీతో బయలుదేరబోతున్నాను.

ఇప్పుడు వానలు. ఉదయం అయిదున్నరకు ఇద్దరం నడుస్తాం. నేను మాట్లాడను, డైరీ కూర్చుకోను, ఆవిడ ఊపిరి మాత్రం వింటాను. పాత అంకెలు కొట్టెయ్యలేదు. వాటి పక్కన కొత్తవి, నేను కళ్ళారా చూసినవి. పది. పద్నాలుగు. పందొమ్మిది. అక్టోబరు లోపల ముప్ఫై కావాలి.

ఈ రోజు ఇరవై మూడో నిమిషం దాకా బాగానే వచ్చాం. ఊరి చివర, వాన నీళ్ళు నిలిచిన వరి పొలాల పక్కన, ఆవిడ ఆగి నా చెయ్యి పట్టుకుంది. ఎదర రోడ్డు మీద వాన తెర పడి ఏమీ కనబడటం లేదు. నేను వాచీ చూశాను.

"ఇక్కడి దాకా రాయండి" అంది.

రాశాను.