అక్క నాలుక మీద బూజు

కోరుట్లలో మా అక్క ఉండే గల్లీలో మామిడికాయ తొక్కు పెట్టిన మూడో రోజు ఒక పని తప్పకుండా జరుగుతుంది. ఊరిన తొక్కును అడుగు నుంచి పైకి కలిపి, కొంచెం గుజ్జు చిన్న గిన్నెలో వేసుకొని ఇంటామె అక్క దగ్గరికి వస్తుంది. అక్క వేలితో తీసి నాలుకకు రాసుకుంటుంది. కళ్లు మూసుకుంటుంది. ఉప్పు, కారం, ఆవపిండి, ఏది తగ్గిందో ఏది ఎక్కువైందో చెబుతుంది. ఆ మాట పడ్డాకే తొక్కు జాడీలోకి పోతుంది. నేను ముప్ఫై ఏళ్లు పేపర్లకు వార్తలు రాశాను. మంత్రులు వచ్చి చెప్పిన మాటకు కూడా అంత విలువ ఉండటం చూడలేదు.

అక్క సిరిసిల్లలో ఇరవై ఏళ్లు సాంచాల కోసం, అంటే మరమగ్గాల కోసం, నూలు కండెలు చుట్టింది. నూలు దుమ్ముతో మొదలైన దమ్ము, ఆ ఆయాసం, ఆమెతో పాటే కోరుట్ల వచ్చింది. షుగర్ ఇక్కడికి వచ్చాక తోడైంది. రెండింటినీ ఆమె పిలవకుండా వచ్చిన చుట్టాల్లా చూసేది. ఉంటే ఉండనీ అనేది, మర్యాదలు మాత్రం చేసేది కాదు.

ఈ ఎండాకాలం నేను జగిత్యాల నుంచి వెళ్లేసరికి ఆమె తీర్పు వింతగా నడుస్తోంది. పక్కింటామె గిన్నె పట్టుకొని నిలబడి ఉంది. ఆమె భర్త దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు, ఆదివారం తిరిగి పోవాలి. అతని పెట్టెలో ఐదు కిలోల తొక్కు పోవాలి.

"ఉప్పు తక్కువైంది. ఇంకో గుప్పెడు ఎయ్యి," అంది అక్క.

"ఇంకా ఎయ్యాల్నా పెద్దమ్మా? ఆయనకు బీపీ ఉన్నదని నీకెర్కనే గద."

"బీపీకి ఎయ్యమంటున్ననా? తొక్కుకు ఎయ్యి. గిట్ల సప్పగుంటె దుబాయి చేరెటాల్లకు బూజు పడ్తది."

ఆమె సరేనని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అక్క నాకు తను పెట్టిన తొక్కు వడ్డించింది. ఒక్క ముద్ద తిని రెండు గ్లాసుల నీళ్లు తాగాను.

"ఏందక్కా, ఉప్పు బస్తా బోర్ల పడ్డదా?"

"హోటల్ల తిని తిని నీ నాలుక సచ్చింది తమ్మీ."

అలా అన్న మనిషి తన తొక్కు తను ముట్టలేదు. పెరుగన్నం మెత్తగా పిసికి మింగుతోంది, ముద్ద ముద్దకూ మొహం చిట్లిస్తోంది. నోరు తెరవమంటే, పేపరోళ్లకు అన్నీ కావాలె అని కసురుకుంది. చివరికి తెరిచింది. నాలుక మీద, బుగ్గల లోపల, పెరుగు తరకల్లా తెల్లటి పొర.

"ఏడి జేసింది, అంతే," అంది. ఆ వేడికి నెల రోజులుగా ఆమె చేసుకుంటున్న వైద్యం, పొద్దునా సాయంత్రం కలకండ పలుకులు చప్పరించడం.

"షుగర్ మనిషివి, కలకండ తింటున్నవా?"

"అదేమన్న చక్కెరనా? సలవ జేసే మందు."

మర్నాడు జగిత్యాలలో డాక్టరమ్మకు చూపించాను. నోరు చూసి, దమ్ముకు వాడే ఇన్‌హేలర్ ఎలా పీలుస్తున్నావో చూపించమంది. అక్క పీల్చింది, ఊపిరి బిగబట్టింది, వదిలింది, పెదాలు గట్టిగా మూసుకుంది.

"తర్వాత నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తున్నవా?"

"ఎందుకమ్మా? పైసలు పెట్టి కొన్న మందు. నోట్ల మిగిలింది కడిగి మోరిల పోయాల్నా?"

కండె మీద మిగిలిన మూరెడు నూలు కూడా పారేయని మనిషి. ఇన్‌హేలర్ ఇచ్చిన రోజే పుక్కిలించమని చెప్పారట. దండగ పనులు చెబుతున్నారనుకొని ఊరుకుంది.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ఈస్ట్ అనేది చాలామంది నోట్లో కొద్దిగా ఉంటుంది, మామూలుగా ఏమీ చేయదు. షుగర్ అదుపు తప్పినా, దమ్ము మందు నోట్లో నిలిచిపోయినా పెరిగి ఇలా పొర కడుతుంది. మంట పుడుతుంది, రుచి సరిగా తెలియదు. "బూజు లాంటిదే అనుకో," అంది.

అక్క ఆ మాట దగ్గర ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆమె జాడీకి బూజు పట్టిందన్నవాళ్లు లేరు.

"తొక్కు మీద బూజొస్తె పారబోస్తం. నన్నేం జేస్తవమ్మా?"

"నిన్ను కడిగి ఎండబెడ్త," అంది డాక్టరమ్మ, నవ్వకుండా. నోట్లో పూసే మందు రాసింది. షుగర్ మాత్ర మార్చింది. కలకండ మానమంది, ఇన్‌హేలర్ మాత్రం మానొద్దంది.

తిరుగు బస్సెక్కాం. ఊరు దగ్గర పడ్డాక అక్క మెల్లగా అంది.

"గల్లీల ఎన్ని తొక్కులు కరాబు జేసిన్నో తమ్మీ. ఇంకెవ్వలన్న గిన్నె పట్టుకొని నా దిక్కు వస్తరా?"

ఏదో ఎగతాళి మాట నోటిదాకా వచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాను.

బస్సు దిగి తిన్నగా పక్కింటికి నడిచింది. పక్కింటామె భర్త దుబాయి పెట్టె సర్దుతున్నాడు.

"బిడ్డా, తప్పయింది. నా నోట్ల బూజు పట్టిందట. రుచి తెల్వకనే ఉప్పు ఎయ్యమన్న. ఇంకో నాలుగు కాయలు కోసి కలుపు."

పక్కింటామె కింద చూసింది.

"ఎయ్యలే పెద్దమ్మా."

"ఏంది ఎయ్యలే?"

"ఉప్పు. మొదాలు మూలమీది ఇంటామె నువ్వు చెప్పినట్టే ఏసింది. ఆమె తొక్కు నోట్ల పెట్టరాలె. గప్పటి సంది అందరం సరే అనుడు, పోవుడు."

అక్క మొహంలో ముందు బరువు దిగింది. ఆ వెంటనే కోపం ఎక్కింది.

"అంటె నా మాటకు గింతేనా ఇజ్జత్? మరి గిన్నెలెందుకు తెచ్చిండ్రే?"

"తేకుంటె నువ్వు మనసుల పెట్టుకుంటవని."

"తిడ్తవని గుడ, పెద్దమ్మా," అన్నాడు లోపలి నుంచి దుబాయి మనిషి.

రెండు వారాలకు అక్క నాలుక మళ్లీ ఎర్రబడింది. ఇన్‌హేలర్ పీల్చిన ప్రతిసారీ, మందు మోరీలో పోతోందని గొణుగుతూనే పుక్కిలిస్తోంది. నేను మళ్లీ వెళ్లిన రోజు, చివరి కాపు కాయలతో పెట్టిన తొక్కు గిన్నెలో వేసుకొని పక్కింటామె వచ్చింది. అక్క రుచి చూసింది.

"ఉప్పు సరిపోయింది. మెంతిపిండి ఎక్కువైంది, చేదు గొడ్తది."

పక్కింటామె ఈసారి సరేనని వెళ్లిపోలేదు. గిన్నె నా ముందు పెట్టింది. ఒకరి మాట మీద వార్త వేయకుండా రెండో మనిషిని అడగడం మా పనిలో ఉన్నదే. అక్క నా మొహంలోకే చూస్తోంది. నేను నాలుకకు రాసుకున్నాను.

"చేదే," అన్నాను.

పక్కింటామె తనూ ఒక వేలు ముంచి చూసుకుంది.

"అయితె రెండు కాయలు కోసి కలుపుత పెద్దమ్మా. రేపు మల్ల తెస్త."

"జల్ది తే," అంది అక్క. "నోరు కడుక్కొని కూసుంట."